మా పద్మినికి కొత్త బట్టలు

మోటారు అంటే మా కోయంబత్తూరు వాళ్ళకి మొదటినుంచీ ఒక బలహీనత. 1920లో పొల్లాచ్చి–పళని మధ్య ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టి అంత పేరు తెచ్చుకున్న జి.డి.నాయుడుగారి ఊరు ఇది. ఫౌండ్రీలు, లేత్ షెడ్లు వీధికొకటి ఉంటాయి. కారులో ఏ సామాను విరిగినా ‘దొరకదండీ’ అనే మాట ఇక్కడ వినపడదు. ‘సాయంత్రం రండి, చేసి పెడతాం’ అంటారు. అవినాశి రోడ్డులో 2015లో జీడీ కార్ మ్యూజియం తెరిచాక ఈ పిచ్చికి ఒక గుడి కూడా కట్టినట్టయింది.

అయితే మ్యూజియంలో కారు నిలబడి ఉంటుంది. మనం చూసి వచ్చేస్తాం. ఇప్పటి కుర్రకారు కోరిక వేరు. పాత కారును పాతగా ఉంచరు. స్ప్రింగులు కోసి నేలబారుగా దించుతారు, పెద్ద పెద్ద అల్లాయ్ చక్రాలు తొడుగుతారు, బంపర్లు ఊడదీస్తారు, లోపల రేసు కార్ల సీట్లు పెడతారు. దీన్ని ‘కస్టమ్’ చేయించడం అంటారు. రెడీమేడ్ చొక్కా వద్దని దర్జీ దగ్గర కొలతలిచ్చి కుట్టించుకోవడం లాంటిదే. కాకపోతే పెళ్ళికి కుట్టించుకున్న సూటు ఫోటోకి బాగుంటుంది గానీ, అది వేసుకుని పంక్తిలో కూర్చుని భోంచేయడం ఎంత కష్టమో మగవాళ్ళందరికీ తెలిసిందే. కారుకీ ఆ చిక్కే ఉంది.

ఈ విద్య పుట్టింది అమెరికాలో. 1951 మోడల్ మెర్క్యురీ కారు ఒకదాన్ని 1952లో కాలిఫోర్నియాలో బారిస్ సోదరులు పైకప్పు కోసి, కిందికి దించి, లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ రంగులు వేసి ఇచ్చారు. యజమాని పేరు బాబ్ హిరోహాటా. ఆ రకం కార్లలో దానంత పేరు పొందింది మరొకటి లేదంటారు. 2022లో వేలం వేస్తే దాదాపు ఇరవై లక్షల డాలర్లు పలికింది. నాకు నచ్చిన సంగతి ఆ ధర కాదు. 1953లో ఆయన ఆ కారులోనే కాలిఫోర్నియా నుంచి ఇండియానాపొలిస్ దాకా, రెండువేల మైళ్ళకు పైగా, నడుపుకుంటూ వెళ్ళాడు. వెళ్ళేముందు పాత ఇంజను తీసేసి బలమైన కాడిలాక్ ఇంజను వేయించాడు. అంటే అంత సింగారించిన మనిషికి కూడా అది నడవాలనే ఉంది! మా తమ్ముడి కొడుకు ఈ కారు బొమ్మ చూపించి నన్ను ఒప్పించబోతే, నేను ఇదే కథ చెప్పి వాణ్ణి ఒప్పించబోయాను.

ఇక మా కారు సంగతి. అది 1976 నాటి ప్రీమియర్ పద్మిని. బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో తయారైంది. మన దేశంలో 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చిన బండే ఆ తర్వాత పేరు మార్చుకుని 1974 నుంచి పద్మిని అయింది. ఇంజను 1089 సి.సి., శక్తి సుమారు నలభై గుర్రాలు, గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు సీటు మనింటి సోఫాలా ఒకటే పొడుగు సీటు. బొంబాయి వీధుల్లో నల్ల పసుపు టాక్సీలుగా ఇవే తిరిగేవి. 2023 అక్టోబరు ఆఖరుతో అవి కూడా వెళ్ళిపోయాయి.

మా నాయన నూలు వ్యాపారం చేసేవారు. కారు కోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసే రోజుల్లో అది మా ఇంటికి వచ్చింది. పెరటాసి నెల శనివారాలు మేమందరం అందులోనే కారమడై రంగనాథస్వామి గుడికి వెళ్ళేవాళ్ళం. ముందు నాయన, అమ్మ, వాళ్ళిద్దరి మధ్య తమ్ముడు. వెనక నేను, చెల్లెలు, అవ్వ, పులిహోర గిన్నె. నాయన పోయి పన్నెండేళ్ళయింది. ఆ తర్వాత అన్నదమ్ములం ఆస్తులు పంచుకున్నాం. ఇల్లు తమ్ముడికి, స్థలం నాకు, అమ్మ నగలు చెల్లెలికి. పేచీ ఏమీ రాలేదు. పంచుకోకుండా ఉండిపోయింది ఆ కారు ఒక్కటే. తమ్ముడి షెడ్డులో, గోనెపట్టా కింద, టైర్లలో గాలి లేకుండా పదకొండేళ్ళు పడి ఉంది. బ్యాంకు భాషలో చెప్పాలంటే దాని పుస్తక విలువ సున్నా. అయినా అమ్మేద్దామని మా ఇద్దరిలో ఎవరూ అనలేదు.

కిందటి సంక్రాంతికి తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ ముగించి వచ్చి ఒక ప్లాను వేశాడు. కంప్యూటర్లో బొమ్మ కూడా గీశాడు. నల్లని మాట్ రంగు, పదిహేడంగుళాల చక్రాలు, కారు నాలుగంగుళాలు కిందికి, చిన్న స్టీరింగు, పొడుగు సీటు తీసేసి రెండు బకెట్ సీట్లు, జపాను ఇంజను, గర్జించే సైలెన్సరు. నిజం చెప్పొద్దూ, బొమ్మ చాలా బాగుంది. మా తమ్ముడు ఆ బొమ్మను ఫోన్లో పెట్టుకుని ఊరంతా చూపించాడు.

“అన్నా, నువ్వు సగం వాటాదారువి. సంతకం పెడితే పని మొదలుపెడతాం” అన్నాడు.

“అమ్మ ఎక్కుతుందా ఇందులో?” అన్నాను.

“అమ్మకి ఇంట్లో ఆటోమేటిక్ కారు ఉందిగా. ఇది పిల్లాడికి” అన్నాడు.

అక్కడే మా ఇద్దరికీ మొదటిసారి తేడా వచ్చింది. పంపకాలప్పుడు రాని మాట కారు దగ్గర వచ్చింది. మూడు వారాలు వాడు మా ఇంటికి రాలేదు. వాడి పక్షానా న్యాయం ఉంది, కాదనను. ఆ పిల్లవాడే ఒక రోజు మా ఇంటికి వచ్చి, “పెదనాయనా, మీరు గానీ నాన్న గానీ దీన్ని బయటికి తీయరు. నేను తీస్తాను. నాకు నచ్చేలా లేకపోతే నేనూ తీయను. షెడ్డులోనే తుప్పు పడుతుంది” అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్ళుగా అప్పులు మంజూరు చేస్తున్నవాణ్ణి. వాడకంలో లేని ఆస్తి ఆస్తే కాదని నాకు తెలియదా?

సరే, ముందు అలాంటి కారు ఒకటి ఎక్కి చూద్దామన్నాను. మావాడి స్నేహితుడికి ఒకటి ఉంది. అదీ పద్మినియే, ఊళ్ళో ఒక షాపులో చేయించింది. చూడటానికి కళ్ళు చెదిరిపోయేలా ఉంది. ఆదివారం పొద్దున మేట్టుపాళయం రోడ్డులో తీసుకెళ్ళారు. బకెట్ సీటులోకి దిగడమే ఒక యోగాసనం. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. కిలోమీటరు వెళ్ళామో లేదో మొదటి స్పీడ్ బ్రేకరు. కారుని అడ్డంగా తిప్పి, ఒక్కొక్క చక్రాన్నీ పసిబిడ్డని దించినట్టు దించాడు ఆ అబ్బాయి. వెనక లారీవాడు హారను కొడుతూనే ఉన్నాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన వీధుల్లో వెడల్పు తగ్గిపోతుంది గానీ ఎత్తు తగ్గదు.

తుడియలూరు దాటేసరికి నా నడుం విడిగా, నేను విడిగా ప్రయాణం చేస్తున్నాం. కారణం ఏమిటని మేస్త్రీని అడిగితే ఓపికగా చెప్పాడు. స్ప్రింగు కోస్తే కారు కిందికి దిగడమే కాదు, స్ప్రింగు బిగుసుకుపోతుంది కూడా. పైగా చక్రం పైకి లేవడానికి ఉండే జాగా తగ్గిపోతుంది. చిన్న గుంట వచ్చినా నేరుగా రబ్బరు దిమ్మకి కొట్టుకుంటుంది. ఆ దెబ్బ మనకే.

టైర్ల సంగతి నేనే లెక్క వేశాను. కామర్సు చదివినవాడికి శాతాలంటే భయం ఉండదు కదా. టైరు మీద 155/80 ఆర్ 14 అని ఉందనుకోండి. 155 మిల్లీమీటర్లు వెడల్పు. అందులో 80 శాతం, అంటే 124 మిల్లీమీటర్లు పక్కగోడ ఎత్తు. 14 అంటే రిమ్ము అంగుళాలు. అదే 205/40 ఆర్ 17 తొడిగితే పక్కగోడ 82 మిల్లీమీటర్లే. బయటినుంచి చూస్తే రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తు. కానీ రోడ్డుకీ రిమ్ముకీ మధ్య ఉండే గాలి మెత్తలో 42 మిల్లీమీటర్లు పోయింది. అంటే మూడో వంతు! పరుపులో మూడో వంతు దూది తీసేసి, పైన పట్టు దుప్పటి కప్పినట్టు.

స్టీరింగు కూడా అంతే. మా కారులో పవర్ స్టీరింగు లేదు, మన చేతుల బలమే. పదహారంగుళాల చక్రం మీద పదహారు కిలోల బలం చాలిన చోట పదమూడంగుళాల చక్రానికి దాదాపు ఇరవై కిలోలు కావాలి. దానికి తోడు వెడల్పు టైర్లు రోడ్డుని పట్టుకుని వదలవు. ఆ స్నేహితుడు ఇంటి ముందు కారు వెనక్కి తిప్పి నిలిపేసరికి చొక్కా తడిసిపోయింది. “జిమ్‌కి వెళ్ళే పని లేదంకుల్” అన్నాడు నవ్వుతూ. పాపం, మంచి కుర్రాడు.

తిరిగి వచ్చేటప్పుడు మా తమ్ముడు మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేదు. ఇంటికి రాగానే వాడు గోరువెచ్చని నీళ్ళ సంచి అడిగి తెప్పించుకుని నడుం కింద పెట్టుకున్నాడు. ఆ రోజుకి నాకు అది చాలు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల స్వరూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. రంగు మార్చుకుని ఆర్‌సీలో రాయించుకోవచ్చు. అంతేగానీ ఛాసిస్, బాడీ ఇష్టం వచ్చినట్టు కోయడానికి లేదు. ఇందులో ఇంకో మెలిక ఉంది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాల నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు నిండి, అసలు రూపంలోనే ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి ఇరవై వేలు. మా కారుకి 2026తో యాభై నిండుతుంది. మా తమ్ముడికి ఇది తెలిశాక కొంత ఊగిసలాట వచ్చింది. ఛాసిస్ గానీ ఇంజను గానీ మారిస్తే ఆ గౌరవం పోతుంది. పోనీ అది తీసుకుందామంటే, ఆ నంబరు ఉన్న బండిని ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, మరమ్మతుకీ తప్ప రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. అంటే ర్యాలీకి పోవచ్చు, పెరటాసి శనివారం గుడికి పోకూడదు. కాబట్టి మామూలు రిజిస్ట్రేషనునే పొడిగించుకోవాలని నా వాదన. దానికీ రుసుము 2022 ఏప్రిల్‌లోనే ఆరువందల నుంచి అయిదువేలకి పెరిగింది. అయినా సరే అన్నాను.

ఇంత చర్చ జరుగుతుంటే అమ్మని ఎవరమూ అడగలేదు. ఆవిడకి ఎనభై రెండు. రెండు మోకాళ్ళూ నొప్పే. ఒక రోజు ఆవిడే కుట్టుమిషన్ డ్రాయరులోంచి టేపు తీసుకుని, మనవణ్ణి వెంటబెట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. గోనెపట్టా తీయించి పాత సీటు ఎత్తు కొలిపించింది. తరువాత వంటింట్లో తను కూర్చునే స్టూలు కొలిచింది. “దీనికన్నా రెండంగుళాలే తక్కువరా. కూర్చోగలను, లేవగలను. నువ్వు పెట్టే సీటు ఎంత ఎత్తు?” అని అడిగింది. వాడు ఫోన్లో చూసి చెప్పాడు. ఆవిడ టేపు చుట్టేసి, “అయితే నన్ను క్రేనుతో ఎత్తించాలి” అంది. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు అంది. ఆ రాత్రి పిల్లవాడు బొమ్మలో సీటు మార్చాడు. ఎవరూ చెప్పకుండా.

అక్కణ్ణించి పని సాగింది. వాడే మేస్త్రీతో కూర్చుని ఒక్కొక్క విషయం తేల్చాడు. ముందు పొడుగు సీటు అలాగే ఉంచి, కొత్త స్పాంజి వేయించి ఎత్తు ఒకటిన్నర అంగుళం పెంచాడు. పై గుడ్డ మాత్రం వాడి ఇష్టం. తేనెరంగు రెగ్జిను, నిలువు గీతల కుట్టు. వెనక కమాను పట్టీలు విప్పి, సాగిపోయినవాటికి మళ్ళీ వంపు పెట్టించారు. విరిగినవి మార్చారు. చక్రాలు పద్నాలుగు అంగుళాలవే, రేడియల్ టైర్లు. డైనమో తీసేసి ఆల్టర్నేటరు పెట్టారు. హెడ్‌లైట్లకి రిలేలు వేశారు. నలభై ఏళ్ళుగా కిరోసిను బుడ్డిలా వెలిగిన దీపాలు ఇప్పుడు దీపాల్లా వెలుగుతున్నాయి. బ్రేకు డ్రమ్ములు టర్నింగు పట్టించి కొత్త లైనింగులు వేశారు. ఇంజను బోరింగు చేయించారు గానీ మార్చలేదు.

ఒక చోట మాత్రం పిల్లవాడికీ మేస్త్రీకీ పెద్ద యుద్ధం జరిగింది. ముందు తలుపుల అద్దాలకి ముక్కోణపు చిన్న అద్దం ఉంటుంది, మీకు గుర్తుండే ఉంటుంది. అది తీసేసి ఒకే పెద్ద అద్దం పెడితే పక్కనుంచి చూడ్డానికి నున్నగా ఉంటుందని వాడి మాట. మేస్త్రీ వాణ్ణి ఎండలో కార్లో కూర్చోబెట్టి, ఆ చిన్న అద్దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పి నలభై వేగంతో నడిపాడు. గాలి నేరుగా ముఖానికి కొట్టింది. నలభై గుర్రాల ఇంజనుకి ఏసీ తగిలిస్తే ఘాటు ఎక్కేటప్పుడు ఆ గుర్రాల్లో కొన్ని ఏసీని లాగడానికే సరిపోతాయి. ఇటలీవాడు ఆ రోజుల్లోనే ఖర్చులేని ఏసీ పెట్టాడు. చిన్న అద్దాలు ఉండిపోయాయి.

ఇన్ని ఒప్పుకున్నాడు కదా, వాడికీ కొన్ని ఒప్పుకున్నాం. నలుపు మానేసి ముదురు ఆకుపచ్చ, పైకప్పు మీగడ రంగు. హిరోహాటా కారు బొమ్మ వాణ్ణి ఇంకా వదల్లేదు మరి. చక్రాల మధ్య క్రోమ్ టోపీలు పాతవి దొరికితే మెరుగు పెట్టించాడు. బంపర్లకి కొత్త నికెలు. డాష్‌బోర్డు పాతదే, దాని వెనక కనపడకుండా పాటల పెట్టె. లోపలి పైకప్పుకి వాడే ఎన్నుకున్న గళ్ళ గుడ్డ. అది మాత్రం నాకు నచ్చలేదు, లుంగీ గుడ్డలా ఉందని చెప్పాను కూడా. వినలేదు. ఆర్‌సీలో రంగు మార్పు రాయించే బాధ్యత నాది.

మొత్తం మూడు లక్షల నలభై వేలయింది. తమ్ముడు, నేను సగం సగం. వాడి మొదటి ప్లాను ప్రకారం అయితే ఇంజను కాకుండానే దీనికి రెట్టింపు అయ్యేది. ఆ కాగితం నా దగ్గర ఉంది గానీ బయటికి తీయను.

పరీక్షకి మేట్టుపాళయం నుంచి కూనూరు ఘాటు ఎంచుకున్నాం. పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులు. పొద్దున్నే బయలుదేరాం. పిల్లవాడు నడిపాడు, పక్కన తమ్ముడు, వెనక నేను. మొదటి మూడు మలుపులదాకా వాడికి స్టీరింగు పక్కనున్న గేరు అలవాటు కాలేదు, రెండో గేరనుకుని నాలుగోది వేసి బండిని దగ్గించాడు. ఆరో మలుపు దగ్గర తమ్ముడు, “నాయన ఇక్కడ హారను కొట్టి, బ్రేకు వదిలి, తర్వాత తిప్పేవారు” అన్నాడు. ముందు సీట్లో ఇద్దరి మధ్య కూర్చుని చూసినవాడు కదా, వాడికే గుర్తుంది. నేను వెనక సీట్లో చెట్లు చూస్తూ పెరిగినవాణ్ణి. తొమ్మిదో మలుపు నుంచి పిల్లవాడు ఒక్క చేత్తో తిప్పాడు. పైకి చేరేసరికి ఇంజను వేడి ముల్లు మూడొంతుల దగ్గర ఆగింది. బర్లియారులో పది నిమిషాలు ఆగి టీ తాగిన మాట వాస్తవం. కొత్త కార్లన్నీ మమ్మల్ని దాటిపోయాయి. దాటిపోతూ అందరూ అద్దాలు దించి చూశారు. వాడికి కావలసింది అదే.

పోయిన పెరటాసి మొదటి శనివారం అమ్మ ముందు సీట్లో కూర్చుని కారమడై వెళ్ళింది. తలుపు పట్టుకుని తనంతట తానే ఎక్కింది, తానే దిగింది. మధ్యలో కూర్చునేంత చిన్నవాళ్ళు ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి పులిహోర గిన్నె అక్కడ పెట్టుకుంది. చిన్న అద్దం తనవైపుకి తిప్పుకుంది. దారిలో ఒక్క ఫిర్యాదు చేయలేదు. గుడి దగ్గర పువ్వులమ్మే ఆవిడ కారు చూసి, “నాయుడుగారి బండి కదా ఇది!” అన్నది. రంగు మారినా గుర్తుపట్టింది.

తేలకుండా ఉన్నది ఇక సైలెన్సరు ఒక్కటే. గర్జించేది పెట్టాలని పిల్లవాడికి ఇంకా ఆశ చావలేదు. అరవై వేగం దగ్గర ఆ మోత ఒకే స్థాయిలో గుంయ్ మంటూ ఉంటుంది. మనకే తల దిమ్మెక్కుతుంది, ఇక చెవి మిషను పెట్టుకున్నవాళ్ళకి అది మరీ ఇబ్బంది. అమ్మకి రెండేళ్ళుగా మిషను ఉంది. ఆ కారణం చెప్పి నేను అడ్డుపుల్ల వేస్తూ వచ్చాను. మొన్న ఆదివారం భోజనాల దగ్గర వాడు మళ్ళీ ఆ మాట ఎత్తాడు. తమ్ముడు నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మ, “పెట్టుకోనీరా వాణ్ణి. కార్లో ఎక్కేముందు మిషను తీసి సంచిలో వేసుకుంటాను. ఎలాగూ మీరిద్దరూ దారంతా ఈ కారు గురించేగా మాట్లాడుకునేది” అంది.